టవర్ల హోరు కొలిచే డబ్బా: ప్రాజెక్టు డైరీ

నవంబరు, చివరి వారం

పని ఇది: థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్ల నుంచి రాత్రిపూట మా ఊరికి ఎంత చప్పుడు వస్తోందో నెలల తరబడి ఆగకుండా రాసుకునే డబ్బా ఒకటి తయారుచేయాలి. ప్లాంటు పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లతో మాటలు ఇంకా నడుస్తున్నాయి, పైగా మా వీధిలో సగం ఇళ్లకు ఆ ప్లాంటే అన్నం పెడుతోంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. సోల్డరింగ్ వచ్చు, కోడింగ్ ఓ మోస్తరు.

ముందు చట్టం సంగతి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. రాత్రి అంటే 10 గంటల నుంచి తెల్లవారి 6 దాకా. మెలిక ఇక్కడే ఉంది. గోడ లోపల పారిశ్రామిక ప్రాంతం. గోడ దాటితే చెరువు కట్ట, కట్ట దిగితే మా చివరి వీధి. ఒకే హోరు గోడకు అటువైపు 60 ఉన్నా తప్పు కాదు, ఇటువైపు 46 ఉంటే తప్పు. కాబట్టి ఎంత అన్నదానికంటే ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న.

ఇంతకుముందు ఊళ్లో కుర్రాళ్లు ఫోన్ యాప్‌తో కొలిచి 70 వచ్చిందని ఒకరు, 52 అని ఇంకొకరు వాదించుకున్నారు. రెండు ఫోన్లనూ ఒకే అరుగు మీద పెట్టి చూశాను. ఒకటి చెప్పింది ఇంకోటి చెప్పదు. ఫోన్ మైకు మన మాట వినడానికి తయారైంది. మౌనంగా ఉన్నప్పుడు దానంతట అదే గెయిన్ (చప్పుడును పెంచి చూపే పాళ్లు) పెంచుకుంటుంది, గోల ఎక్కువైతే తగ్గించుకుంటుంది. ఆ అంకెలు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే టీ ఇచ్చి పంపేస్తారు.

సామాను: ఈఎస్‌పీ 32 బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు), ఐఎన్‌ఎంపీ 441 డిజిటల్ మైకు, టైమ్ చూపే డీఎస్ 3231 గడియారం మాడ్యూల్, మెమరీ కార్డు, పాత ఫోన్ చార్జరు, కరెంటు పోతే ఆదుకోవడానికి పవర్ బ్యాంకు. పవర్ బ్యాంకు ఇంట్లోదే. మిగతా అన్నిటికీ కలిపి పన్నెండు వందల లోపే అయింది.

డిసెంబరు, మొదటి వారం

మైకు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎవరైనా దీన్ని చూసి చేసుకుంటే ఆగిపోయేది ఇక్కడే.

ఐఎన్‌ఎంపీ 441కి 94 డెసిబెల్స్ చప్పుడు వినిపిస్తే అది పూర్తి స్కేలు (మైకు ఇవ్వగల అతి పెద్ద సంఖ్య) కంటే 26 డెసిబెల్స్ కింద ఉండే సంఖ్యను ఇస్తుంది. డేటా షీట్‌లో ఉన్న మాట ఇది. అంటే లెక్క తేలికే: వచ్చిన సంఖ్యకు 120 కలిపితే డెసిబెల్స్. కానీ మైకుకూ మైకుకూ కొద్దిగా తేడా ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పే స్నేహితురాలి దగ్గర నుంచి కాలిబ్రేటర్ అరువు తెచ్చాను. అది 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) దగ్గర కచ్చితంగా 94 డెసిబెల్స్ కూత పెడుతుంది. దాని మూతి గుండ్రటి కొలత మైకులకు తగ్గట్టు ఉంటుంది, మన మైకేమో చిన్న బోర్డు మీద బియ్యపు గింజంత రంధ్రం. పీవీసీ పైపు ముక్క, రబ్బరు వాషర్లతో జోడీ కుదిర్చాం. తేడా ఒకటిన్నర డెసిబెల్స్ వచ్చింది. కోడ్‌లో సరిచేశాను.

ఈ మైకు హద్దులు రెండు. దాని సొంత బుసే 33 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అందుకని 38కి దిగువన అది ఏం చెప్పినా నేను నమ్మను. రెండోది, 60 హెర్ట్జ్ కంటే కిందికి దిగితే దానికి సరిగా వినపడదు. ఇది తర్వాత అవసరం పడుతుంది.

డబ్బా పెట్టిన మొదటి రోజే పక్కింటావిడ వచ్చింది. "మేం ఇంట్లో అరుచుకునేవన్నీ ఇందులో రికార్డవుతాయా టీచరమ్మా?" కావు. సెకనుకో అంకె మాత్రమే రాస్తుంది, మాటలు దాచదు. కోడ్ అలా రాయడానికి సగం కారణం మెమరీ కార్డు, సగం కారణం ఇలాంటి ప్రశ్నలు.

డిసెంబరు, రెండో వారం

చెరువు కట్ట మీదకు వెళ్లి టవర్లను చాలాసేపు విన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు కూడా వచ్చారు.

మా దగ్గర రెండు రకాలున్నాయి. పాత యూనిట్లకు నడుము సన్నగా ఉండే ఎత్తైన కాంక్రీటు టవర్లు. వాటిలో ఫ్యాన్ లేదు, మోటారు లేదు. వేడిగాలి దానంతట అదే పైకి లేస్తుంది, కింద నుంచి చల్లగాలి దూరుతుంది. కొత్త యూనిట్‌కు వరసగా పేర్చిన గదుల్లాంటి పొట్టి టవర్లు, ఒక్కో గది నెత్తిన పెద్ద ఫ్యాను.

ఊళ్లో అందరూ చప్పుడు పైనుంచి, ఆ తెల్లటి పొగలోంచి వస్తుందనుకుంటారు. మొదటి సంగతి, అది పొగ కాదు, ఆవిరి. పొగ వచ్చేది పక్కన సన్నగా ఉండే చిమ్నీలోంచి. రెండో సంగతి, ఆ కాంక్రీటు టవర్ల పైభాగం దాదాపు నిశ్శబ్దం. హోరంతా కాళ్ల దగ్గరే పుడుతుంది. 500 మెగావాట్ల యూనిట్‌లో గంటకు సుమారు 60 వేల ఘనపు మీటర్ల నీరు కండెన్సర్‌కూ (టర్బైన్ నుంచి వచ్చే ఆవిరిని మళ్లీ నీరు చేసేది) టవరుకూ మధ్య తిరుగుతుంది. బొగ్గు వేడిలో కరెంటుగా మారేది నలభై శాతం లోపే. మిగతా దాంట్లో ఎక్కువ భాగం ఈ నీళ్ల నెత్తినే పడుతుంది. ఆ నీళ్లు టవరు లోపల జల్లెడ లాంటి పొరల మీదుగా జారి, చివరకు కొన్ని మీటర్ల ఎత్తు నుంచి తొట్టిలో పడతాయి. గాలి లోపలికి వెళ్లడానికి చుట్టూ వదిలిన ఖాళీయే చప్పుడు బయటికి రావడానికీ దారి.

అందుకే టవరు ఎత్తుకూ హోరుకూ పెద్దగా సంబంధం లేదు. రాజస్థాన్‌లో కాలీసింధ్ ప్లాంటు టవర్లు 202 మీటర్లు. ఆ ఎత్తు గాలిని గుంజడానికి. చెవికి లెక్క వచ్చేది ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తు నుంచి, దేని మీద పడుతున్నాయన్నదే. 2024 ఆగస్టులో పాల్వంచలో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ ప్లాంటు) పాత టవర్లు ఎనిమిదింటిని కూల్చిన వీడియో పిల్లలకు కంఠతా. ఒకడు అడిగాడు, "మనవి కూడా అట్లనే కూలిస్తే చప్పుడు పోతది కదా మేడం?" పోతుంది, కరెంటుతో పాటు. పైగా నది నీళ్లు వాడుకుని వేడిగా మళ్లీ నదిలోకి వదిలే పద్ధతి వద్దని, మంచినీళ్లు వాడే ప్లాంట్లు టవర్లు కట్టుకోవాలని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టింది. నదికి మంచిదే. ఒడ్డున ఉన్న ఊళ్లకు మాత్రం ఈ హోరు వస్తుంది.

అత్తయ్య దీన్ని ఒక్క ముక్కలో చెప్పేసింది: "ఏడాదంతా వాన చప్పుడే, చుక్క పడదు."

డిసెంబరు, చివరి వారం

మొదటి రాత్రుల లెక్క చూసి తల పట్టుకున్నాను. సగటు 54, మరో రాత్రి 58, ఇంకో రాత్రి 51. టవర్లేమో ఒకేలా మోగుతున్నాయి.

ఇది డెసిబెల్ సగటుతో వచ్చే తంటా. నియమాల్లో చెప్పే ఎల్ఈక్యూ మామూలు సగటు కాదు, శక్తి సగటు. రాత్రి ఎనిమిది గంటలూ 45 ఉండి, మధ్యలో ఒక్క నిమిషం ఇంటి ముందు లారీ 80తో మోగిందనుకోండి, రాత్రి మొత్తం సగటు దాదాపు 54 అయి కూర్చుంటుంది. మా వీధిలో లారీ లేకపోతే కుక్కలు. కుక్కలు లేకపోతే, ఇది ధనుర్మాసం కాబట్టి, అయిదింటికే గుడి మైకు. చట్టం లెక్కలో ఆరు దాకా రాత్రే గనుక తిరుప్పావై కూడా టవర్ల ఖాతాలో పడుతోంది! ఈ అంకెలు ప్లాంటు వాళ్ల ముందు పెడితే మొదటి ప్రశ్న కుక్కల గురించే వస్తుంది, న్యాయంగానే.

కాబట్టి పక్కనే ఎల్‌90 కూడా రాయిస్తున్నాను. గంటలో నూటికి తొంభై పాళ్ల సమయం చప్పుడు ఏ మట్టానికి కిందికి దిగలేదో అది. కుక్క మొరిగి ఆగుతుంది, లారీ వెళ్లిపోతుంది. టవరు ఆగదు. ఆగనిదే కింద మిగులుతుంది. అయిదు నుంచి ఆరు గంటల మధ్య లెక్క మాత్రం మైకు వల్ల వదిలేశాను.

ఎల్‌90 వరస పెట్టి చూస్తే గీత గీసినట్టు వచ్చింది. టవర్లకు సుమారు 700 మీటర్ల దూరంలో ఉన్న మా చివరి వీధిలో 49, 50. ఊరి మధ్యలో 44, 45. ఆగని చప్పుడు ఒక్కటే 49 ఉంటే, మిగతావి కలిపే ఎల్ఈక్యూ ఎలాగూ అంతకు తగ్గదు.

ఇన్నాళ్లూ జరిగిన గొడవంతా "ఎంత గట్టిగా మోగుతోంది" అన్నదాని మీదే. ఈ హోరు గట్టిది కాదు. అంగట్లో నిలబడితే వినపడను కూడా వినపడదు. అది తినేసేది నిశ్శబ్దాన్ని. అంకెల్లో దాన్ని చూడాలంటే శిఖరాలు కాదు, నేల చూడాలి.

ఒక అనుమానం మిగిలింది: కీచురాళ్లు. అవీ ఆగవు. వానాకాలమైతే కప్పలు కూడా. చలికాలంలో మొదలుపెట్టింది అందుకే. అయినా పొదల్లో కొన్ని ఉన్నాయి. దీనికి గాలి సాయం చేసింది. మన దగ్గర వేడికి, తేమకు 4000 హెర్ట్జ్ చప్పుడును గాలి కిలోమీటరుకు 23 డెసిబెల్స్ దాకా మింగేస్తుంది. 8000 దగ్గర దాదాపు 60. 1000 దగ్గర ఏడే. అంటే టవరు దగ్గర "స్స్" అని వినిపించేది 700 మీటర్లు వచ్చేసరికి "హో" అవుతుంది. కీచురాయి మాత్రం కిటికీ కిందే ఉంటుంది కాబట్టి దాని కీచు 3000కు పైన అలాగే ఉంటుంది. 2500కు కింద ఒక లెక్క, పైన ఒక లెక్క వేరుగా రాయిస్తే రెండూ విడిపోయాయి. కింది భాగం ఒక్కటే 48 పైన ఉంది.

జనవరి, సంక్రాంతి తర్వాత

పండగ రాత్రుల డేటా తీసేశాను, ఆ డీజేల ముందు ఏ టవరూ నిలవదు. ఫోమ్ తొడుగును ఉడుత కొరికేసింది. కొత్తది వేసి పైన దోమల జాలీ చుట్టాను. డబ్బాలో చీమలు చేరాయి, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం.

మంచు పట్టిన తెల్లవారుజామున హోరు ఎక్కువవుతుందని చివరి వీధి వాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు. నిజమే. మంచు దట్టంగా ఉన్న రోజుల్లో మూడు, నాలుగు గంటలప్పుడు ఎల్‌90 రెండు మూడు డెసిబెల్స్ పెరిగింది. ప్లాంటులో ఏమీ మారలేదు, గాలి మారింది. పగలు నేల దగ్గర వేడి, పైన చల్లన కాబట్టి చప్పుడు పైకి వంగిపోతుంది. గాలి ఆడని చలి రాత్రుల్లో నేల ముందు చల్లబడి, దాని పైన వెచ్చటి పొర నిలుస్తుంది. అప్పుడు పైకి పోవాల్సిన చప్పుడు కిందికి వంగి చెరువు దాటి మన మీదికొస్తుంది. మధ్యలో చెరువు ఉండటం ఇంకో దెబ్బ. నీటి పైభాగం చప్పుడును దున్నిన చేనులా పీల్చుకోదు.

పగటి పూట గేటు దగ్గర నిలబడి కొలిచిన అంకె ఈ తెల్లవారుజాము గురించి ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి

ఇది వేరే కథ. దక్షిణం వైపు ఇళ్ల వాళ్లు చెప్పేది హోరు కాదు, "గుయ్" అనే ఒకే శ్రుతి కూత. చెవిలో దూరి ఉంటుందట. నాకు ముందు వినపడలేదు. ఒకసారి పట్టుకున్నాక మాత్రం వదల్లేదు.

గోడ బయట రోడ్డు మీద, మనుషులెవరూ లేని సమయంలో, కొద్దిసేపు అసలు చప్పుడే రికార్డు చేసి ఎఫ్ఎఫ్‌టీ (చప్పుడును శ్రుతుల వారీగా విడదీసే లెక్క) వేశాను. నున్నటి కొండ మీద సూది నిలబెట్టినట్టు 346 హెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు, దానికి రెట్టింపు దగ్గర ఇంకోటి, చిన్నది.

కొత్త యూనిట్ ఫ్యాన్ల దగ్గర కాంట్రాక్టులో పనిచేసే ఫిట్టరు మాకు వరసకు మామయ్య. కాగితం తీసుకుని వెళ్లాను. ఫ్యాను నిమిషానికి 120 చుట్లు, ఎనిమిది రెక్కలు. అంటే రెక్కలు కొట్టే చప్పుడు సెకనుకు 16 సార్లు. చెవికి అంతంత మాత్రం, నా మైకుకు అసలే అందదు. అది కాదు. మోటారు 1485 చుట్లు, అంటే సెకనుకు 24.75. "గేర్‌బాక్సులో మోటారు వైపు పినియన్‌కు, ఆ చిన్న పళ్ల చక్రానికి, ఎన్ని పళ్లు మామయ్యా?" ఆయన వేళ్ల మీద గుర్తు చేసుకుని, "పధ్నాలుగమ్మా" అన్నాడు. 24.75ను 14తో గుణిస్తే 346.5. పళ్లు సెకనుకు అన్నిసార్లు తగులుతున్నాయన్నమాట.

ఆయన కాగితం కేసి, నా కేసి చూసి, "నాలుగో సెల్లు గేర్‌బాక్సు వేడెక్కుతోందని రెండు నెల్లుగా చెప్తున్నానమ్మాయ్" అన్నాడు. సెల్లు అంటే ఫ్యాను ఉండే గది.

నెలాఖరున ఆ సెల్లు ఆపి గేర్‌బాక్సు మార్చారు. నా డబ్బా వల్లే అని చెప్పను, ఆయన మాట వల్లే కావచ్చు. ముల్లు పోయింది. విశేషం ఏమిటంటే వీధిలో మొత్తం అంకె అర డెసిబెల్ కూడా తగ్గలేదు, దక్షిణం వైపు వాళ్లు మాత్రం హాయిగా ఉందంటున్నారు. ఒకే శ్రుతి కూత మనిషిని ఎంత సతాయిస్తుందో మొత్తం డెసిబెల్స్‌లో కనపడదు.

మార్చి

పాత యూనిట్లలో ఒకదాన్ని ఏటా చేసే మరమ్మతుకు ఆపారు. ఇలాంటి ప్రయోగం డబ్బిచ్చినా దొరకదు. రెండు పెద్ద టవర్లలో ఒకదానిలో నీళ్లు లేవు.

ఊళ్లో చప్పుడు సగమవుతుందని అనుకున్నారు. ఎల్‌90 మూడు డెసిబెల్స్ తగ్గింది, 46 దగ్గర ఆగింది. నిజానికి శక్తి సగమైంది. సమానమైన రెండింటిలో ఒకటి పోతే తగ్గేది మూడే. చెవికి "సగం" అనిపించాలంటే పది తగ్గాలి. ఇది పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాఠం. ఈసారి వాళ్లే వాళ్ల నాన్నలకు చెప్పారు.

ఈ తేడా వల్ల ఒకటి తేలిపోయింది: చివరి వీధి నేల మట్టం టవర్ల నీటి చప్పుడే. రోడ్డు కాదు, కన్వేయరు బెల్టు కాదు.

ఏప్రిల్

ప్లాంటులో ఎన్విరాన్‌మెంట్ విభాగం ఇంజనీరు రమ్మన్నారు. సర్పంచి, నేను, ఇద్దరు పిల్లలు వెళ్లాం. ఆయన మర్యాదగానే మాట్లాడారు. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి ప్లాంటూ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపాలి. వాళ్ల నివేదికలో చప్పుడు పట్టిక ఉంది. కొలిచినవన్నీ గోడ లోపలే. 75, 70 హద్దుల్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. అబద్ధం ఒక్కటీ లేదు. మా వీధి కూడా లేదు.

నియమాల్లోని 7వ నిబంధన కూడా ముందు పెట్టుకున్నాం. ప్రమాణం కంటే 10 డెసిబెల్స్ లేదా అంతకుపైన మించితే ఫిర్యాదు చేయొచ్చు అంటుంది అది. మాది అయిదే మించుతోంది. రాత్రి ఆంక్షల గురించి తర్వాత చేర్చిన మాట ఒకటుంది గానీ, దాన్ని టవర్ల హోరుకు వర్తింపజేయడం మీద లాయర్లు వాదించుకోవాలి, టీచర్లు కాదు. అందుకే కోర్టు దారి కాకుండా రిపేరు దారి పట్టాం.

ఆయన మొదట చెట్లన్నారు. గోడ వెంట మూడు వరసల కానుగ. నీడకు మంచివే, కానీ అంత పలచటి వరస హోరును ఆపదు. పదుల మీటర్ల మందాన దట్టమైన అడవి ఉంటే కొద్దిగా తగ్గుతుంది. చప్పుడు పుట్టే చోటుకు దగ్గరగా గోడ కడితే పని చేస్తుంది గానీ, టవరు కాళ్లకు మరీ దగ్గరైతే గాలి అందదు. గాలి అందకపోతే నీళ్లు చల్లబడవు, కండెన్సర్‌లో వ్యాక్యూమ్ తగ్గుతుంది, అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చాలి. ఆయన భయం న్యాయమైనదే.

నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, తొట్టిలో నీటి పైన ఏటవాలు పలకలో, తేనెపట్టు లాంటి జాలీలో పరచి, చుక్క నేరుగా నీటిని కొట్టకుండా జారేలా చేయడం. రెండోది ఫ్యాన్ల వైపు. రాత్రి గాలి చల్లన కాబట్టి అదే వేగం అక్కర్లేదు. వేగం మార్చే డ్రైవ్ పెట్టి ఫ్యానును 20 శాతం తగ్గిస్తే దాని చప్పుడు అయిదు డెసిబెల్స్ దాకా పడిపోతుంది, కరెంటు వాడకం సగమవుతుంది. రెండోది వినగానే ఆయన పెన్ను తీశారు. డబ్బు మిగిలే మాట ఎవరికైనా తొందరగా వినపడుతుంది. కానీ మా వీధి బాధలో పెద్ద వాటా నీళ్లది, ఫ్యాన్లది కాదు. ఆ మాట కూడా చెప్పాం.

మే, మొదటి వారం

జాలీ గురించి పై ఆఫీసుకు రాశామన్నారు. కాగితం నకలు ఇచ్చారు. ఒక టవరులో ఒక పక్క మాత్రం ప్రయోగానికి పరుస్తారట, వచ్చే మరమ్మతు సమయంలో. అప్పటిదాకా ముందు, తర్వాత పోల్చడానికి నా డేటా ఆగకూడదు.

ఈలోగా అత్తయ్య గది కిటికీ రెక్కల అంచులకు రబ్బరు పట్టీ అంటించాం. మూస్తే లోపల 38కి దిగింది, అంటే మైకు హద్దు దగ్గరికి. వేసవిలో కిటికీ మూసి పడుకోవడం ఎలాగో ఈ పట్టీ చెప్పదు.

మిగిలిన పనులు: రెండో డబ్బా స్కూలు మేడ మీద పెట్టాలి, ప్లాంటు చప్పుడు రాని దిక్కున పోలికకు మూడోది పక్క ఊళ్లో. గడియారం మాడ్యూల్‌లో సెల్లు మార్చాలి. జూన్‌లో వానలు పడితే కప్పలు మొదలవుతాయి, వాటి గొంతు టవరు హోరు ఉన్న పౌనఃపున్యాల్లోనే పడుతుంది కాబట్టి కొత్త ఫిల్టరు ఆలోచించాలి. పెన్‌డ్రైవ్‌లో పూర్తి ఫైళ్లు కావాలని ఆ ఇంజనీరు అడిగారు. సోమవారం పంపుతున్నాను, తీసేసిన పండగ రాత్రులతో సహా.